త్రిభుజ అసమానత్వం

త్రిభుజంలో ఏ రెండు భుజాల పొడవుల మొత్తమైనా మూడవ భుజం పొడవు కంటె ఎక్కువగా ఉంటుంది. గణితశాస్త్రంలో ఈ ధర్మాన్ని '''త్రిభుజ అసమానత్వం''' అంటారు. మూడు పొడవులు ఇచ్చినపుడు వాటితో త్రిభుజం ఏర్పడుతుందా, లేదా అన్నది దీని ద్వారానే నిర్ణయిస్తారు.

== పరీక్షించే విధానం ==

మూడు జతలనూ కూడి చూడనక్కరలేదు. అన్నిటికంటె పెద్ద భుజాన్ని గుర్తించి, తక్కిన రెండింటి మొత్తం దానిని మించినదో లేదో చూస్తే చాలు. పెద్ద భుజానికి మరొకటి కలిపినపుడు మూడవదానిని మించక తప్పదు కనుక మిగిలిన రెండు షరతులు వాటంతట అవే నెరవేరుతాయి. 12, 6, 3 అని ఇస్తే విద్యార్థులు తరచు మొదటి రెండింటిని కూడి, 18 అనేది 3 కంటె ఎక్కువ కనుక త్రిభుజమే అని రాస్తారు. చూడవలసినది 6, 3ల మొత్తాన్ని. అది 9 మాత్రమే.

రెండు భుజాలు 7, 10 అయితే మూడవది వాటి భేదమైన 3 కంటె ఎక్కువగా, మొత్తమైన 17 కంటె తక్కువగా ఉండాలి.

== లీలావతిలో ==

భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన లీలావతిలో ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాడు. సరళ భుజాలు గల క్షేత్రంలో ఒక భుజం కంటె తక్కిన వాటి మొత్తం తక్కువైనా, సమానమైనా అది ''అక్షేత్రం'', అనగా క్షేత్రమే కాదు. ఉదాహరణలుగా 3, 6, 9 భుజాల త్రిభుజాన్ని, 2, 6, 3, 12 భుజాల చతుర్భుజాన్ని ఇచ్చాడు. నమ్మకం కుదరనివారు ఆ కొలతలకు తిన్నని పుల్లలు పేర్చి చూడవచ్చునన్నాడు. తరగతి గదిలో చీపురుపుల్లలతో నేటికీ చేయించదగిన ప్రయోగమిది.

ఈ హెచ్చరిక అవసరం చిన్నది కాదు. సూత్రాలు తమకు ఇచ్చిన సంఖ్యలు సరియైనవా అని ప్రశ్నించవు. 3, 6, 9లకు భూమి 9 అనుకొని లెక్కిస్తే, లంబం భూమిని 3, 6 ఖండాలుగా చేస్తుంది. లంబం పొడవు మాత్రం సున్న. హెరాన్ సూత్రంతో వైశాల్యమూ సున్నయే. 3, 6, 12 తీసుకుంటే అర్ధచుట్టుకొలత 10.5, అందులోనుంచి 12 తీసివేస్తే -1.5 వచ్చి, వర్గమూలం కింద రుణసంఖ్య మిగులుతుంది. ఆలోచించకుండా భుజాలు కల్పించిన ప్రశ్నకు సూత్రం కంఠస్థం చేసిన విద్యార్థి చిక్కుకునేది ఇక్కడే.

== యూక్లిడ్ నిరూపణ ==

యూక్లిడ్ తన ''ఎలిమెంట్స్'' మొదటి భాగంలో 20వ ప్రతిపాదనగా దీనిని నిరూపించాడు. గడ్డి కోసం గాడిద కూడా తిన్నగానే నడుస్తుంది, దీనికి నిరూపణ ఎందుకని ఎపిక్యూరియన్లు ఎగతాళి చేశారని 5వ శతాబ్దపు ప్రోక్లస్ తెలిపాడు. తెలియడం వేరు, ఎందుకో చెప్పగలగడం వేరు అన్నది ఆయన సమాధానం.

== దూరాల విషయంలో ==

రైలు మార్గంలో సికింద్రాబాదు నుండి కాజీపేట 132 కి.మీ., కాజీపేట నుండి వరంగల్లు 10 కి.మీ., సికింద్రాబాదు నుండి వరంగల్లు 142 కి.మీ. రైలు కాజీపేట మీదుగానే పోతుంది కనుక మూడవ సంఖ్య తొలి రెండింటి మొత్తమే. భాస్కరుని మాటలో ఇది అక్షేత్రం. అంతమాత్రాన మూడు ఊళ్ళూ ఒకే సరళరేఖపై ఉన్నాయనుకోరాదు. త్రిభుజ భుజాలు సరళరేఖా దూరాలు, పట్టాలేమో వంపులు తిరుగుతాయి.