కీ ఇచ్చే వాచీ

రా అబ్బయ్యా, కుంపటి దగ్గరికి జరుగు. తిరుమల కొండమీద ధనుర్మాసం చలి ఊరికే పోదు. నీ చేతికుండే ఆ అద్దంబిళ్ళ అడుగులు లెక్కపెడుతుందంటనే? అలిపిరి నుంచి 3,550 మెట్లు మా మోకాళ్ళే లెక్కపెట్టేవి.

నెలజీతం వందా నూటిరవై ఉన్న రోజుల్లో వాచీ అంటే మామగారు పెట్టాల్సిందే. అది హెచ్ఎంటీ అయితే అల్లుడు చొక్కా చెయ్యి మడిచే తిరిగేవాడు. పొద్దున్నే కీ ఇయ్యాల. మరిస్తే నిలబడిపోతుంది, గట్టిగా తిప్పితే స్ప్రింగు తెగుతుంది. పెళ్ళాన్నైనా అంత మెల్లగా పలకరించి ఎరగరు.

మా చిన్నమామ జబ్బు నయమైతే నిలువుదోపిడి ఇస్తానని మొక్కుకున్నాడు. హుండీ ముందు ఉంగరం వేసినాడు, వెండి మొలతాడు వేసినాడు, వాచీ దగ్గర చెయ్యి ఆగింది. "ఇది నగ కాదు గదే" అని గొణిగితే అత్త ఒక్క చూపు చూసింది. అంతే, పడింది. కొండ దిగేటప్పుడు ఎడమచెయ్యి ఎత్తి చూసుకోవడం, ఖాళీ మణికట్టు గీరుకోవడం! అట్లా పడిన వాచీలను దేవస్థానం ఇప్పటికీ వేలం వేస్తుందిలే.

ఎక్కడికో పోతా ఉండా. చెప్పొచ్చిందేమంటే, అంతరిక్షానికి పోయినవాళ్ళు కట్టుకున్నవీ మా మామ వాచీ జాతివే. 1961లో గగారిన్ చేతికుండింది మాస్కోలో చేసిన కీ వాచీ. బెంగళూరులో హెచ్ఎంటీ వాచీలు మొదలైందీ ఆ ఏడే, జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో.

అమెరికావాళ్ళు అంతరిక్షానికి పంపాలని మూడు కంపెనీల వాచీలు తెచ్చి, 93 డిగ్రీల దాకా కాల్చి, సున్నాకు 18 డిగ్రీల కిందికి గడ్డకట్టించి, కుదిపి చూసినారు. గయ్యాళి అత్త కూడా కోడల్ని అన్ని ఆరళ్ళు పెట్టదు. 1965 మార్చికి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒక్కటే నిలిచింది.

1969లో చంద్రుడి మీద నౌకలోని గడియారం మొరాయిస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి బదులుగా తన వాచీ లోపలే వదిలి దిగినాడు. అందుకని అక్కడ తిరిగిన మొదటి వాచీ ఆయన వెంట దిగిన ఆల్డ్రిన్‌దైంది.

ఆ మరుసటేడు చంద్రుడికి బయల్దేరిన అపోలో 13 నౌకలో ట్యాంకు పేలి, కరెంటు ఆదా చెయ్యాలని చాలా యంత్రాలు ఆపేసినారు. దారి సరిచెయ్యడానికి ఇంజను 14 సెకన్లు మండాల. అందులో పోయిన స్విగర్ట్ అనేవాడు చేతి వాచీ చూసి లెక్కపెట్టినాడు. మునిగేవాడికి గడ్డిపోచ ఆధారమంటారే, ఆ గడ్డిపోచే గట్టుకు చేర్చింది!

నిద్రపోవద్దు, అయిపోవచ్చింది. చంద్రుడి దాకా పోయొచ్చిన ఆల్డ్రిన్ వాచీ, మ్యూజియానికి పంపిస్తే దారిలో మాయమైంది. ఈ మాట చెబితే మా మామ, "ఇంటికన్నా గుడి పదిలమని ఊరికే అన్నారా? హుండీలో వేసుంటే వేలానికైనా దొరికేది" అని మళ్ళీ మణికట్టు గీరుకున్నాడు.