బండి అబ్బా పేరు మీద, నడిపేది కొడుకు: ఇన్సూరెన్స్‌లో పేరు చేర్పించాలా?

కారు అబ్బా పేరు మీద కొంటారు. ఆయన జెడ్డాలోనో దుబాయ్‌లోనో ఉద్యోగంలో ఉంటారు. ఇక్కడ కర్నూలులోనో, హైదరాబాద్‌లోనో ఆ కారు నడిపేది కొడుకు, తమ్ముడు, లేదంటే అల్లుడు. పాలసీ కాగితంలో మాత్రం ఒక్క అబ్బా పేరే కనిపిస్తుంది. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ‘నడిపిన మనిషి పేరు ఇందులో లేదు’ అని కంపెనీ చేతులెత్తేస్తుందా అన్న భయం చాలా ఇళ్లలో ఉంది.

ఈ భయం ఎక్కువగా విదేశాల నుంచి వచ్చినదే. అమెరికాలో ఇంట్లో లైసెన్స్ ఉన్న వాళ్లందరి వివరాలూ కంపెనీకి చెప్పాలి, వాళ్ల వయసును, డ్రైవింగ్ రికార్డును బట్టి ప్రీమియం మారుతుంది. ఇండియాలో పద్ధతి వేరు. ఇక్కడ బీమా బండిని, దాని యజమానిని అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రతి పాలసీలోనూ డ్రైవర్ క్లాజు అని ఒకటి ఉంటుంది. దాని ప్రకారం ప్రమాద సమయంలో నడుపుతున్న వ్యక్తికి ఆ రకం బండికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, అంతే. యజమాని అనుమతితో కొడుకు నడిపినా, మామూ నడిపినా ఎదుటి వాళ్లకు జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ బీమా పనిచేస్తుంది. కాంప్రెహెన్సివ్ పాలసీ ఉంటే సొంత బండి రిపేరు ఖర్చూ వస్తుంది. పేరు చేర్పించనక్కర్లేదు.

లైసెన్స్ లేకపోతే మాత్రం కథ మారిపోతుంది. రిపేరు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఎదుటి బాధితుడికి కంపెనీ చెల్లించినా, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకునే హక్కు కోర్టులు కంపెనీకి ఇస్తుంటాయి. లైసెన్స్ లేని వాడికి తాళం ఇచ్చినందుకు మోటారు వాహనాల చట్టం 180 సెక్షన్ కింద యజమానికి 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. నడిపింది మైనరైతే 199ఏ కింద 25,000 జరిమానాతో పాటు తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు ఉంది. పండగ రోజున పదహారేళ్ల పిల్లాడికి తాళం ఇచ్చే ముందు ఈ లెక్క గుర్తుండాలి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పాలసీలో ‘ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్’ అని 15 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. అది యజమానికి మాత్రమే, అదీ ఆయనకు లైసెన్స్ ఉంటేనే. కారు అబ్బాది, నడుపుతూ చనిపోయింది కొడుకు అనుకోండి, ఆ 15 లక్షలు ఆ ఇంటికి రావు. కారు అమ్మీ పేరు మీద ఉండి, ఆమెకు లైసెన్స్ లేకపోతే ఈ కవర్ ఎవరికీ లేనట్టే. పైగా బండి అడిగి తీసుకుని నడిపిన మనిషి యజమాని స్థానంలోకి వస్తాడని, కాబట్టి అతని వారసులు అప్పటి 163ఏ సెక్షన్ కింద ఆ బండి బీమా కంపెనీని పరిహారం అడగలేరని 2009లో ఒక కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. ఎదుటి బండిది తప్పయితే వేరే సంగతి, దాని కంపెనీ ఇస్తుంది. తప్పు మనవాడిదే అయితేనే ఇబ్బంది.

కాబట్టి ‘పేరు చేర్పించడం’ అనేది నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అదనపు ప్రీమియం కట్టి, పేరు పెట్టి ఫలానా వ్యక్తికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసుకునే వీలుంది. పేర్లు లేకుండా కారులో కూర్చునే వాళ్లకూ, జీతం ఇచ్చే డ్రైవర్‌కూ కూడా తీసుకోవచ్చు. కాకపోతే వీటిలో వచ్చే మొత్తం 15 లక్షలతో పోలిస్తే చాలా తక్కువ. రోజూ నడిపేది కొడుకే అయితే అతని పేరు మీద విడిగా ఒక ప్రమాద బీమా తీసుకోవడమే మేలు. అది ఏ బండి మీద ఉన్నా వర్తిస్తుంది.

ఇక యజమాని ఇంతెకాల్ అయితే? దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ కాగితాలు ఎవరికీ గుర్తుకు రావు. కానీ పాలసీ షరతుల ప్రకారం యజమాని చనిపోయాక బీమా మూడు నెలల వరకు, లేదా గడువు ముగిసే వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఈలోగా బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి, లేదా కొత్తది తీసుకోవాలి. డెత్ సర్టిఫికెట్, బండి తమదని చూపే రుజువు, పాత పాలసీ అడుగుతారు. ఆర్టీఓ ఆఫీసులో పని వేరుగా ఉంటుంది. మరణించిన 30 రోజుల్లోగా తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో ఆర్సీ మార్పుకు దరఖాస్తు చేయాలి. వారసులు నలుగురుంటే మిగతా ముగ్గురి అంగీకారం కాగితం మీద ఉండాలి. ‘అన్నదమ్ములమే కదా’ అన్న మాట కౌంటర్ దగ్గర చెల్లదు. మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు ముందే దరఖాస్తు పెట్టుకుంటే ఈ మూడు నెలలు చేయి దాటిపోవు.

అబ్బా బతికుండగానే కారును కొడుక్కి ఇచ్చేస్తే బండి బదిలీ అయిన 14 రోజుల్లోగా బీమా కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే థర్డ్ పార్టీ భాగం కొత్త యజమానికి వస్తుంది గానీ, సొంత బండి రిపేరు మాత్రం రాదు. 1995లోనే సుప్రీం కోర్టు ఈ తేడా స్పష్టం చేసింది. నో క్లెయిమ్ బోనస్ విషయంలోనూ తేడా ఉంది. అది మనిషిది, బండిది కాదు. బతికుండగా ఇచ్చిన కారు మీద అబ్బా బోనస్ కొడుక్కి రాదు. అబ్బా మూడేళ్లలోగా ఇంకో కారు కొంటే దానికి వాడుకోవచ్చు. అదే ఆయన మరణం తర్వాత బండి భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే ఆ బోనస్ కూడా వాళ్లకు వస్తుంది. అడగకపోతే కంపెనీ వాళ్లు తమంతట తాము చెప్పరు. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం భాగంలో 50 శాతం వరకు తగ్గే సంగతి ఇది, అడిగి రాయించుకోవాలి.