ఆఖరి మైలు

1935 మే 13, సోమవారం. ఇంగ్లండ్‌లో డార్సెట్ పల్లెసీమ. పొద్దు పదకొండు దాటింది. బోవింగ్టన్ సైనిక శిబిరం దగ్గర పోస్టాఫీసులో టెలిగ్రాం ఇచ్చి, ఒక పొట్టి మనిషి బయటికొచ్చి తన పెద్ద బండి ఎక్కాడు. ఇల్లు మైలు, మహా అయితే మైలున్నర. ఆ ఇంటికి అతను చేరడని మనకు తెలుసు. తెలిసే, అతని వెనకాల ఆ దారిన మరోసారి వెళ్తున్నాం.

అతను టి. ఇ. లారెన్స్. ఎడారిలో అరబ్బుల తిరుగుబాటుకు తోడు నిలిచినవాడు. 1962లో డేవిడ్ లీన్ తీసిన సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ కథ ఒంటెలతో మొదలు కాదు, ఈ బండితోనే మొదలవుతుంది. తనకొచ్చిన కీర్తి నుంచి పారిపోయి, పేరు మార్చుకుని, వైమానిక దళంలో మామూలు సిపాయిగా బతికిన ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క విలాసం ఈ బండి.

బ్రఫ్ సుపీరియర్. మోటారు సైకిళ్లలో రోల్స్ రాయిస్ అని దానికి పేరు. అతని దగ్గరున్న ఎస్ఎస్ 100 రకం గంటకు నూరు మైళ్లు అందుకుంటుందని తయారుచేసినవాళ్లే పూచీ ఇచ్చేవారు. దానికి బైబిల్లోంచి పేరు పెట్టుకున్నాడు, బోయనేర్గెసు అని. ఉరుము బిడ్డలని అర్థం. 1922 నుంచి 1926 దాకా అయిదు బ్రఫ్‌ల మీద లక్ష మైళ్లు పూర్తయ్యాయని, వాటిని చేసిన జార్జ్ బ్రఫ్‌కు కృతజ్ఞతతో ఉత్తరం రాశాడు. లక్ష మైళ్లు! విమానంతో పోటీపడి బండి నడిపిన ఒక సాయంత్రం గురించి అతను రాసిన పేజీలు చదివితే, ఇంజను చప్పుడులోని చిన్న తేడా కూడా ఆ చెవికి తెలిసేదని నమ్మకం కలుగుతుంది. అతని నేర్పు అబద్ధం కాదు. నా మనసును కలచివేసేది అదే. చేతకానివాడు పడిపోతే జాలిపడి ఊరుకుంటాం. చేతనైనవాడు పడిపోతే ఏమని ఊరడించుకోవాలి?

నేనూ ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. ఒక్కసారి కూడా పడలేదని నలుగురిలో చెప్పుకున్నవాణ్ని. ఆ మాట అన్నప్పుడల్లా లెక్కలోకి నా నేర్పొక్కటే వచ్చింది. మలుపులో నన్ను చూసి పక్కకు తప్పుకున్న లారీ డ్రైవరు రాలేదు. రోడ్డు మీదికి ఉరకబోయిన పిల్లవాణ్ని చివరి క్షణాన వెనక్కి లాగిన తల్లి చెయ్యి రాలేదు. క్షేమంగా ఇల్లు చేరిన ప్రతి ప్రయాణాన్నీ మన ఖాతాలోనే జమ వేసుకుంటాం. ఆ జమలో ఎదుటివాళ్ల జాగ్రత్త ఎంతో, అదృష్టం ఎంతో ఏ మైలురాయీ చెప్పదు. లారెన్స్ పడి లేచిన రోజులూ ఉన్నాయి. లేచాడు కనుక, అవీ ధైర్యం కిందే జమ అయ్యాయేమో.

ఆ పొద్దున ఎన్ని చోట్ల దారి మళ్లి ఉండవచ్చో! మూడు నెలల కిందట, ఫిబ్రవరిలో, ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు బ్రిడ్లింగ్టన్ నుంచి బయల్దేరింది సైకిలు మీదే. బ్రఫ్‌ను పోషించే స్తోమత ఇక ఉండదేమోనని అనుకున్నాడు కూడా. ఆ సోమవారం కూడా సైకిలే తీసి ఉంటే! టెలిగ్రాం ఏ ప్రాణం మీదికో వచ్చి పంపింది కాదు, రచయిత హెన్రీ విలియమ్‌సన్‌ను మర్నాడు భోజనానికి రమ్మని. నడిచి వెళ్లినా అరగంట దారి. ఇన్ని అనుకుంటాం. అనుకున్న కొద్దీ దారిలోని ఒక పల్లం దగ్గరవుతూనే ఉంటుంది.

ఆ రోడ్డు లేస్తూ, దిగుతూ సాగుతుంది. పల్లంలో ఎవరున్నారో మిట్ట ఎక్కేదాకా కనబడదు. ఆ పల్లంలో ఇద్దరు పిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. బండి చప్పుడు విని, ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. మిట్ట దాటిన లారెన్స్‌కు వాళ్లు కనబడేసరికి మిగిలిన దూరం అతి కొద్ది. వాళ్లను తప్పించబోయాడు. వెనక సైకిలుకు తగిలి, హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. ఎదురుగా నల్లకారు వచ్చిందని ఒక సైనికుడు చెప్పాడు, కారేదీ రాలేదని పిల్లలు చెప్పారు. వేగమెంతో ఇప్పటికీ వాదనే. నాకు ఆ వాదన అక్కర్లేదు. ఎంత నేర్పున్న చెయ్యయినా, కన్ను చూడనిదాన్ని ముందే చూడలేదు. పల్లం ముందు వేగం తగ్గించడమొక్కటే ఆ చేతికి మిగిలిన నేర్పు.

తలకు ఏమీ లేదు. అప్పటికే రేసుల్లో పరుగెత్తేవాళ్లు హెల్మెట్ పెట్టుకునేవారు. రోడ్డు మీద మాత్రం అది అలవాటు కాలేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. మే 19న వెళ్లిపోయాడు. వయసు 46. అంత్యక్రియలకు మోర్టన్ పల్లెకు వచ్చినవాళ్లలో చర్చిల్ ఉన్నాడు.

అతన్ని కాపాడేందుకు పిలిపించిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. కాపాడలేకపోయాడు. మరిచిపోనూ లేకపోయాడు. 1941లో మోటారు సైకిలిస్టుల తల గాయాల మీద వ్యాసం ప్రచురించాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద చనిపోయిన మోటారు సైకిలిస్టులు, వెనక కూర్చున్నవాళ్లు 2,279 మంది. హెల్మెట్ పెట్టుకుని గాయపడినవాళ్లు అతనికి దొరికింది ఏడుగురే. ఆ ఏడుగురూ బతికారు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం బండి నడిపే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1973లో బ్రిటన్ అందరికీ చేసింది. మన 1988 మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ చెప్పేదీ ఆ మాటే. ఇప్పుడు మన ఇంటి గుమ్మం పక్క మేకుకు వేలాడే ఆ హెల్మెట్ వెనక, ఆ ఆరు రోజుల ఆస్పత్రి గది ఉంది.

ఆ ఇద్దరు పిల్లలూ బతికారు. బోయనేర్గెసుకు పెద్దగా దెబ్బ తగల్లేదు. అది అతని ఏడో బ్రఫ్. ఎనిమిదోది అప్పటికే అతని పేరు మీద సిద్ధమవుతోంది.