టావర్నియరు గోలకొండ యాత్రలు : జ్ఞాపకమును బ్రమాణమును

ఒక దేశమును ఒక్కసారి చూచినవాని మాటకును, మరల మరల వచ్చి చూచినవాని మాటకును భేదము కలదు. ఒక్కసారి చూచినవాఁడు వింతలను జెప్పును. పలుమాఱులు వచ్చినవాఁడు దారులను, ధరలను, కూలిని, తూకమును జెప్పును. కావున చరిత్రకారులు రెండవవానినే యెక్కువగా నమ్ముదురు. కాని రెండవవాని యందొక చిక్కు కలదు. అతఁడు పలుయాత్రలలోఁ జూచినది కాలక్రమమునఁ గలిసిపోయి యొక్క యాత్రగా నిలుచును. ఏది యెప్పుడు చూచెనో, ఏది కన్నులఁ గాంచెనో, ఏది చెవుల వినెనో వానికే తెలియకుండఁ బోవును. ఈ గుణదోషములు రెండును నిండుగాఁ గల గ్రంథము మన తెలుఁగు దేశమును గూర్చి యొకటి కలదు. అది ఫ్రెంచి రత్నవర్తకుఁడగు జాన్ బాప్టిస్టు టావర్నియరు రచించిన ‘ఆఱు యాత్రలు’.

నే నీ విషయమునకుఁ బూనుకొనుటకుఁ గారణ మొకటి కలదు. పాఠశాలలో గోలకొండ చరిత్రము చెప్పునపుడు, కొల్లూరు వజ్రపు గనిలో అఱువదివేలమంది పని చేయుచుండిరని నేను పెక్కేండ్లు నిస్సంశయముగా బోధించితిని. ఒకనాఁ డొక బాలుఁడు లేచి, “పంతులుగారూ, వారిని లెక్కపెట్టినవా రెవ్వరండీ?” అని యడిగెను. తరగతి నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. వ్యాకరణమున సూత్రము చూపక రూపము సాధింపరాదని విద్యార్థులను మందలించు నేను, చరిత్రమునఁ బ్రమాణ మడుగక సంఖ్యను జెప్పుచుంటిని. ఈ వ్యాసము ఆ బాలునకు నే నీయవలసిన యుత్తరము.

టావర్నియరు 1605లో ప్యారిసు నగరమున జన్మించెను. తండ్రి దేశపటముల పనివాఁడు. ఇంట నిత్యము పరచియుండు పటములే ఆ బాలునకు దేశాటనాభిలాషను గలిగించెనని చెప్పుదురు. 1631 మొదలు 1668 వఱకు నతఁడు ఆఱుమాఱులు ప్రాగ్దేశములకు వచ్చెను. ఏ కంపెనీ కొలువునను లేఁడు. తన సొమ్ముతోఁ దన లాభనష్టములకుఁ దానే పూచీయై తిరిగెను. మొదటి యాత్ర పారసీక దేశమున ఇస్ఫహానుతో నాగిపోయినది. 1638లో బయలుదేఱిన రెండవ యాత్రలో హిందూదేశమును జేరి గోలకొండను జూచెను. ఆ తరువాత గోలకొండ రాజ్య మతని మనస్సును వదలలేదు. 1645లో గనులకు వచ్చెను. 1652లో మచిలీబందరున నోడ దిగి చెన్నపట్టణమునకును, గండికోటకును, గోలకొండకును బోయెను. కడపటిదగు నాఱవ యాత్రలో ఆగ్రాకును, అచ్చటినుండి బంగాళమునకును బోయెను. స్వదేశమున కేఁగి పదునాలుగవ లూయీ రాజునకు వజ్రముల నమ్మి, ప్రభుపదవిని బొంది, ఎనుబది నాలుగేండ్ల వృద్ధుఁడై మరల తూర్పునకుఁ బయనమై, 1689లో మాస్కో నగరమున మరణించెను.

గ్రంథము 1676లో వెలువడినది. అప్పటికి మొదటి గోలకొండ దర్శనమునకు ముప్పదియైదేండ్లు. దానిని టావర్నియరు తానొక్కఁడే వ్రాసినది కాదు. అతఁడు తన పత్రములను జూచి చెప్పుచుండఁగా షాప్యూజో యను నొక లేఖకుఁడు కూర్చెను. అది యాత్రాక్రమమునఁ గాక మార్గక్రమమున నున్నది. సూరతునుండి గోలకొండకు దారి యిది, గోలకొండనుండి మచిలీబందరునకు దారి యిది యని మజిలీలు చెప్పుచు, ఆ దారిని దాను పలుమాఱులు నడచినపుడు చూచిన సంగతులన్నియు నొక్కచోటఁ బోసినాఁడు. కావున, ‘ఇది యే యేఁటి మాట?’ యని యడిగినచో నా పుట యుత్తర మీయదు. మజిలీల లెక్క నిశ్చయము. కాలపు లెక్క సందిగ్ధము. ఈ భేదమును మఱవక చదివినవారికే యా గ్రంథ ముపకరించును.

ప్రయాణపు సన్నాహమును జెప్పుటలో నతనిని మించినవారు లేరు. మర్యాదగాఁ బయనింపఁ గోరువాఁడు పల్లకినిగాని యెడ్లబండినిగాని కుదుర్చుకొనవలెను. ఇరువది ముప్పదిమంది ఆయుధపాణులను వెంటఁ గొనవలెను. బోయీలకు నెలకు మనిషికి నాలుగు రూపాయలు. ప్రయాణ మఱువది దినములు మించినచో నైదు. ఇవి జ్ఞాపకము మీఁద వ్రాసిన మాటలు కావు. సొమ్ము చెల్లించినవాని పద్దులు. వర్తకుఁడు మఱచిన మఱచుఁగాక, వాని చిట్టా మఱవదు.

నగరవర్ణనమునఁ గూడ నట్టి నిశ్చయములు కలవు. భాగనగర మని యతఁడు చెప్పినది మన హైదరాబాదే. మూసీపై 1578లోఁ గట్టిన వంతెనను జూచి, ఇది ప్యారిసులోని ‘క్రొత్తవంతెన’కు సౌందర్యమున నించుకంతయే తక్కువ యనెను. వర్తకులును దళారులును బనివారును నదికావలి పేటలో వసించుచు, ప్రొద్దున పది పదునొకండు గంటలకు నగరమునకు వచ్చి, సాయంకాలము నాలుగైదు గంటల వఱకుఁ బరదేశీయులతో బేరములాడి, రాత్రికిఁ దమ యిండ్లకుఁ బోవుచుండిరని వ్రాసెను. ఆ బేరములలోఁ దాను నొకఁడై యుండెను గనుక నిది నమ్మఁదగినది. మక్కామసీదును గూర్చి చెప్పినది మఱియొక తెఱఁగు. దానిని గట్ట నారంభించి యేఁబదియేండ్లైనదని యతని మాట. ఆ మసీదు మహమ్మదు కుతుబ్షా కాలమున నారంభమైనది. ఆ రాజు 1612లో సింహాసన మెక్కెను. ఎంత ముందునకు జరిపినను 1662కుఁ బూర్వము ఏఁబదియేండ్లు నిండవు. అతని యైదవ యాత్ర ముగిసిన దా యేఁటనే. కావున నిది మసీదు నెదుట నిలిచి వేసిన లెక్క గాదు. ఇంటఁ గూర్చుండి వ్రాయునపుడు చుట్టిన సంఖ్య. అందలి పెద్దఱాతిని దొలిచితీయుట కైదేండ్లు పట్టెననియు, లాగుటకుఁ బదునాలుగువందల యెడ్లను గట్టిరనియు వ్రాసినాఁడు. కాని యెడ్లమాట తనకు నితరులు చెప్పినదని తానే యొప్పుకొనెను. ఈ యొప్పుకోలు మన కెంతయు విలువగలది.

1652లో గండికోటలో మీర్ జుమ్లాను దర్శించిన వృత్తాంతము కన్నులఁ గట్టినట్లున్నది. ఆ యమాత్యుఁడు వట్టికాళ్లతోఁ గూర్చుండి, కాలివ్రేళ్ల నడుమఁ గొన్ని జాబులను, ఎడమచేతి వ్రేళ్ల నడుమఁ గొన్ని జాబులను జొనిపి, ఒక్కొక్కటియే తీసి యుత్తరములు చెప్పుచుండెనఁట. ఫిరంగులు పోయుటకై దేవాలయముల విగ్రహములను గరఁగించుచుండఁగా, ఒక గుడిలోని యాఱు విగ్రహములు మాత్ర మెంత మంట పెట్టినను గరఁగలేదనియుఁ జెప్పినాఁడు. కాలివ్రేళ్ల జాబులు కన్నది. కరఁగని విగ్రహములు విన్నది. రెండింటిని నొక్కగొంతుతోనే చెప్పినాఁడు. వేఱుచేయుట మన పని.

ఇఁక నామముల విచారము. గోలకొండకు నైదు దినముల దూరమున ‘రావుల్కొండ’ యను గని కలదని టావర్నియరు వ్రాసెను. ఈ గ్రంథమును 1889లో నింగ్లీషునకుఁ దెచ్చిన బాలు పండితుఁడు, భూగర్భశాస్త్రవేత్త గనుక దూరములను గనుల యునికిని జూచి, అది కర్నూలు సీమలోని రామళ్లకోట యని నిర్ణయించెను. ఆయన శ్రమ శ్లాఘ్యమే. కాని పదముల తీరు దీని కొప్పుకొనదు. టావర్నియరు చెవి కొండను గోటను వేఱుగా వినఁగలిగినది. గోలకొండ యనునపుడు ‘కొండ’ యనియే వ్రాసెను. గండికోట యనునపుడు ‘కోట్’ అని వ్రాసెను. రెండిచోట్ల భేదము పాటించినవాఁడు మూఁడవచోటఁ గోటను గొండగా నేల మార్చును? ఉత్తరపదము కొండగా నున్న యూరినే వెదకుట న్యాయము.

రెండవ గని మాట మఱింత రమ్యము. గోలకొండకుఁ దూర్పున నేడుదినముల దూరమున నొక గని కలదనియు, దానికి దేశభాషలో ‘గని’ యనియు, పారసీమున ‘కూలూర్’ అనియుఁ బేరనియు నతఁడు వ్రాసెను. తెలుఁగు తెలిసినవానికిది చదువఁగానే నవ్వు వచ్చును. గని యనునది పేరు కాదు. సంస్కృత ఖనిశబ్దమునకుఁ దద్భవము. కొల్లూరు పారసీపదము కాదు. ఊరను నుత్తరపదము గల తెలుఁగు గ్రామనామము. దారిలోఁ గూలివాండ్ర నెక్కడికని యడిగినచో “గనికి” అని యుందురు. అధికారులు కొల్లూరని యుందురు. అధికారుల భాష పారసీము గనుక నది పారసీనామ మని యతఁడు తలఁచెనని నా యూహ. అన్నిమాఱులు వచ్చియు నతఁడు తెలుఁగు నేర్వలేదనుట కింతకంటె సాక్ష్యము వలదు. అయినను బొరపాటుననే మన కొక యుపకారము చేసినాఁడు. పదునేడవ శతాబ్ది కూలివాని నోటి మాట యొకటి ప్యారిసున నచ్చుపడినది. అట్లే వజ్రముల తూకమునకు ‘మంజెలీ’ యని వ్రాసినది మన మంజాడియే. గనులయొద్ద మంజాడి యొకటింటికి ఏడు గ్రెయినులు, అనఁగా నొకటియు ముప్పాతిక క్యారట్లని లెక్క చెప్పినాఁడు. నేఁడు మా బల్కంపేటనుండి అమీరుపేట మీఁదుగాఁ బంజాగుట్టకుఁ బోవు దారిని వజ్రాభరణముల యంగళ్లు వరుసగా నున్నవి. వానియందు క్యారటు వినఁబడును గాని మంజాడి వినఁబడదు.

కొల్లూరు గని పుట్టుకను గూర్చి, ఒక పేదవాఁడు ధాన్యము చల్లుటకు నేలను జదును చేయుచుండఁగా నొక మెఱయు ఱాయి దొరకెనని టావర్నియరు వ్రాసెను. అతనికిఁ బూర్వమే యా గనిని జూచిన ఆంగ్లవర్తకుఁడు మెథ్వోల్డు, ఒక మేకల కాపరికి దొరకెననియు, వాఁడు దానిని గొలఁది బియ్యమున కమ్మెననియుఁ జెప్పెను. ఇందేది నిజము? బల్కంపేటలో ఎల్లమ్మతల్లి విగ్రహము బావి త్రవ్వుచుండఁగా దొరకినదని మాయూరివారు చెప్పుకొందురు. నేఁటికిని ఆ తల్లి నేలమట్టమునకుఁ దిగువననే కొలువై యున్నది. భూమి తన సంపదను బండితునకుఁ గాని ప్రభువునకుఁ గాని చూపదు, త్రవ్వువానికే చూపునను భావము మన జనులలో దృఢమైనది. సేద్యగాని కథయు, కాపరి కథయు నా జాతిలోనివే. అవి గని పుట్టిన సంవత్సరమునకుఁ బ్రమాణములు కావు. గనియొద్దివారు తమలోఁ దా మేమి చెప్పుకొనుచుండిరో దానికిఁ బ్రమాణములు.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వత్తము. కొల్లూరికిఁ దాను మొదట వచ్చినపుడు స్త్రీలు, పురుషులు, పిల్లలు గలిసి యించుమించు అఱువదివేలమంది పని చేయుచుండిరని టావర్నియరు మాట. మెథ్వోల్డు ముప్పదివేల ప్రాంత మనెను. రావుల్కొండ గనిలో నేఁబదిమంది కూలివాండ్రకుఁ బండ్రెండు మొదలు పదునైదుగురు కావలివాండ్రుందురని టావర్నియరే వ్రాసెను. ఆ లెక్కను గొల్లూరికి వేసినచో నఱువదివేలకుఁ బదునాలుగువేల నాలుగువందలు మొదలు పదునెనిమిదివేల వఱకుఁ గావలివాండ్రు కావలెను! అది యొక సైన్యము. కావున నఱువదివేలనునది జనగణన కాదు. కొండప్రక్క చీమలవలె నున్న జనమును జూచి వర్తకుఁడు వేసిన యంచనా. లెక్కపెట్టినవా రెవ్వరును లేరు. గొప్ప జనసమూహ మనుట మాత్రము సత్యము. ఇద్దఱు వేఱువేఱుగా దానినే చెప్పిరి.

కాని లెక్కపెట్టిన సంఖ్య యొకటి కలదు. నేను దానిని బాలురకు నెన్నఁడును జెప్పలేదు. రావుల్కొండ గనిలో నేర్పుగల పనివానికి నేఁటికి మూఁడు వరాహలు కూలి యని టావర్నియరు వ్రాసెను. వరాహ మూఁడున్నర రూపాయలనుకొన్నను నది పదిన్నర రూపాయలు. పల్లకి మోయు బోయీకి నెలకు నాలుగు రూపాయలని యతఁడే చెప్పెను; అది యేఁటికి నలువదియెనిమిది. రాజుల కిరీటములకు వజ్రములు త్రవ్వినవానికి, పల్లకి మోసినవాని కూలిలో నాల్గవ వంతైనను లేదు. ఏడెనిమిది మంజాడుల మించిన ఱాయి దొరకినచోఁ దలపాగకు గుడ్డయు, నర వరాహయు బహుమానము. ఈ కూలి చెప్పినవాఁడు కూలివాని పక్షమువాఁడు కాఁడు, వజ్రములు కొనవచ్చినవాఁడు. కావుననే యా మాట నమ్మఁదగినది. ఏండ్లు గడచినను వర్తకుఁడు మఱవనిది ధర.

కొల్లూరు నేఁడు చూడవలెనన్నను జూడరాదు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయమున నా ప్రదేశము కృష్ణానీటి క్రింద మునిఁగినది. ఇఁక నా గనికి మిగిలినవి పుస్తకములును బదములును మాత్రమే. నేల యున్నంతకాలము గ్రంథములోని తప్పును నేల దిద్దును. నేల పోయినపుడు చదువరియే దిద్దవలెను. టావర్నియరు ఇచ్చిన మజిలీని, తూకమును, కూలిని గైకొందము. ఏండ్లను, వేలను సందేహించి చదువుదము. విన్న కథలను విన్నవిగానే చెప్పుదము. పాఠశాలలలోఁ జరిత్రము బోధించు పండితులకు నా మనవి యింతియే: అఱువదివేల పక్కన మూఁడు వరాహలను గూడ నల్లబల్లపై వ్రాయవలయును. లెక్కపెట్టినవా రెవ్వరని యడిగిన బాలుఁడు, ఈ మాఱు మఱియొక మంచి ప్రశ్న యడుగును.