తెల్లబడే వేళ్ళు – మందుల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘ మిత్రులు అడిగితే, మా ఇంట్లోని సంగతే రాస్తున్నాను.

ఒక డిసెంబరులో అరకు వెళ్ళినప్పుడు మా ఆవిడ వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. చలికి కాబోలు అనుకున్నాం. విశాఖ వచ్చాక ఫ్రిజ్‌లోంచి పాలగిన్నె తీసినా అదే వరస: తెలుపు, నీలం, ఆపైన ఎరుపు, మంట. ఏడాది తిరిగేసరికి వేళ్ళ చర్మం దళసరెక్కి బిగిసిపోయింది. ఉంగరం సబ్బు రాసి తీయవలసి వచ్చింది. డాక్టరుగారు స్క్లీరోడెర్మా అన్నారు.

ముప్ఫై ఏళ్ళు స్టీల్‌ప్లాంటు మెయింటెనెన్సులో పనిచేసినవాడిని. పైపు ఎందుకు మూసుకుంటుందో తెలుసుకోకపోతే నిద్రపట్టదు. పుస్తకాలు తిరగేశాను.

చలికి వేళ్ళ రక్తనాళాలు బిగుసుకోవడాన్ని 1862లో పారిస్‌లో మారిస్ రేనో వర్ణించాడు. దీనికి తరువాత ప్రయత్నించిన మందుల్లో ఒకటి మన సర్పగంధ వేరులోనిది. ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీవారు అందులోంచి రెసర్పిన్ తీశారు. నాళాలను బిగించమని చెప్పే నరాలలోని రసాయనాన్ని అది తరిగిస్తుంది. 1960లలో దాన్ని నేరుగా చేతి ధమనిలోకి ఎక్కించి చూశారు. ఆ ఆశ నిలవలేదు. తరువాత నిఫెడిపిన్ వచ్చింది. సాధారణంగా మొదట ఇచ్చేది ఇప్పటికీ ఆ జాతి మందే. మా ఆవిడకు దానితో కాళ్ళు వాచాయి.

అప్పుడు రాశారు సిల్డెనాఫిల్. చీటీ చూసి మందులషాపు కుర్రాడు నా తెల్లజుట్టు వంక చూసి ముసిముసిగా నవ్వాడు. "మా ఆవిడకు బాబూ" అంటే ఇంకా నవ్వాడు! ఇంగ్లండులో ఫైజర్ కంపెనీవారు దాన్ని గుండెనొప్పికోసం పరీక్షించారనీ, మగవారి మాత్రగా 1998లో అమెరికాలో అనుమతి వచ్చిందనీ, 2005లో ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడికి కూడా ఒప్పుకున్నారనీ వాడికేం తెలుసు? నాళపు లోపలి పొర విడిచే నైట్రిక్ ఆక్సైడ్ "వదులవు" అని కండరానికి కబురు పంపుతుంది. ఆ కబురు త్వరగా చెరిగిపోకుండా ఈ మాత్ర ఆపుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ సంగతి కనిపెట్టిన ముగ్గురికి నోబెల్ వచ్చిందీ 1998లోనే.

గుండెకు సార్బిట్రేట్ వంటి మాత్రలు వాడే మిత్రులు మాత్రం దీని జోలికి పోకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

మరుసటి నెల చీటీ పట్టుకుని మా ఆవిడే షాపుకు వెళ్ళింది. కుర్రాడు నవ్వలేదట. చర్మం బిగుతు అలాగే ఉంది, దానికి ఈ మందు కాదు. ఈ చలికాలం వేలికొసన పుండు మాత్రం పడలేదు. ఉంగరం ఇంకా బీరువాలోనే ఉంది.