ఫరశీ, కడప్పా, పలక: మన ఇళ్ళలోని మూడు బురద రాళ్ళు



ఈమధ్య మన సభ్యుల ఇంట్లో పాత వంటగది తీసి గ్రానైట్ వేయిస్తుంటే చూడబోయాం. మరాఠీ మేస్త్రీ నల్లబండ ఊడదీసి గోడకు ఆనించి, "ఈ కడప్పా ఉంచాలా, పారేయాలా?" అని అడిగాడు. ఆ ఇంటి అమ్మాయి తొమ్మిదో తరగతి. "కడప్పా అంటే మరాఠీలో నల్లరాయి కదా?" అంది. అది మన తెలుగు ఊరి పేరని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తప్పు పిల్లది కాదు, మనది. అందుకే ఇది రాస్తున్నాం.

మన పాత చాళ్ళను ఒకసారి గుర్తు చేసుకోండి. నేలకు షాబాదీ ఫరశీ, వంట ఓట్టాకు కడప్పా, పిల్లల సంచిలో రాతి పలక. షోలాపూర్ నేల కింద ఉన్నది ఒకప్పటి లావా గడ్డకట్టిన దక్కన్ నల్లరాయి. అది పల్చని బండలుగా లేవదు. కాబట్టి ఈ మూడు రాళ్ళూ మనలాగే బయటి నుంచి వచ్చినవే.

మూడింటి పుట్టుకా బురదే. ఏరు నెమ్మదించగానే ఇసుక ముందు దిగిపోతుంది. మిల్లీమీటరులో 256వ వంతు కన్నా చిన్నవైన బంకమట్టి రేణువులు నిలకడ నీళ్ళు దొరికేదాకా దిగవు. అలా దిగిన బురద మీద పొర మీద పొర పడి, బరువుకు నీరంతా పిండుకుపోయి రాయవుతుంది. పొరలుగా విడిపోయే రాయి షేల్, గడ్డలుగా విరిగేది మడ్‌స్టోన్. సముద్రంలో మట్టికి బదులు సున్నం అంత సన్నగా దిగితే అది సున్నపురాయి. ఫరశీ, కడప్పా ఈ రెండో రకం. సున్నపు పొరల మధ్య సన్నని మట్టి పొర ఉంటుంది కనుకే ఉలి పెట్టి లేపితే బండ బండగా లేస్తుంది. కడప్పా మీద నిమ్మరసం ఒలికితే తెల్లమచ్చ పడటం మన ఆడవాళ్ళందరికీ తెలుసు. పులుపు సున్నాన్ని తినేస్తుంది మరి.

ఫరశీకి పేరిచ్చిన షాబాద్ నేటి కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది, ఒకప్పుడు నిజాం రాజ్యం. తాండూరు బండ కూడా ఆ భీమా లోయ రాయే.

కడప సంగతి ఇంకా పెద్దది. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఆ రాళ్ళ గురించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. పొరలకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, బనగానపల్లె, జమ్మలమడుగు అని మన ఏర్ల పేర్లు, కొండల పేర్లు, ఊళ్ళ పేర్లు పెట్టాడు. అడుగు పొరల వయసు 180 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పటికి భూమి మీద చేప లేదు, చెట్టు లేదు. మన వంటింటి నల్లబండ వీటికన్నా బాగా పైన ఉన్న, వయసులో చిన్నదైన నార్జి సున్నపురాయి. నార్జి కడప జిల్లాలో ఒక ఊరు.

ఇక పలక. ప్రకాశం వైపు, నల్లమల తూర్పు అంచున, మట్టి బురద రాయైన తరువాత భూమి ఒత్తిడికి ముడతలు పడింది. ఆ ఒత్తిడికి లోపలి మట్టి రేణువులు సన్నని అభ్రకపు రేకులుగా మారి, అన్నీ ఒకే వైపు తిరిగి సర్దుకున్నాయి. అందుకే మార్కాపురం రాయి కాగితాల కట్టలా చీలుతుంది. మన తాతలు అ ఆలు దిద్దింది దాని మీదే.

రాళ్ళు తొలిచేవాళ్ళ కష్టం కూడా చెప్పుకోవాలి. బురదరాయిలో కంటికి ఆనని గాజురాయి పొడి కూడా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక పుల్లలను యంత్రాలతో కోసిన కూలీలు ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్ పాలయ్యారు. చవకగా దొరికిన అక్షరం వెనుక అలాంటి ఊపిరితిత్తులున్నాయని మరవకూడదు.

ఇంకో మాట. మద్రాసు నుంచి కడప మీదుగా వచ్చిన రైలుదారి, ముంబయి నుంచి షోలాపూర్, షాబాద్ మీదుగా వచ్చిన దారి 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. మ్యాపు తీసి చూడండి. కడప, షాబాద్, షోలాపూర్, ముంబయి అన్నీ ఒకే దారి మీద కనబడతాయి. మగ్గం పని కోసం, మిల్లు పని కోసం, కట్టడం పని కోసం మనవాళ్ళు ఈ పడమటికి వచ్చి తరాలు గడిచాయి. ఊరి పేరు మాత్రం మనుషుల నోట కన్నా రాయి మీదే ఎక్కువ నిలిచింది. ఇక్కడి మరాఠీ ఇల్లాలు రోజూ "కడప్పా తుడిచాను" అంటుంది. మన పిల్లలకు ఆ మాట చదవడానికి తెలుగు అక్షరాలు రావడం లేదు.

గ్రానైట్ వేయించుకోవద్దని మేము అనడం లేదు. పాత ఓట్టా తీసేటప్పుడు రెండడుగుల ముక్క మన సంఘం హాలుకు పంపండి. అటక మీద రాతి పలక ఉంటే అదీ తెండి. ఆదివారం తెలుగు తరగతిలో పిల్లల చేత కడప్పా మీద నిమ్మచుక్క వేయిద్దాం, తరువాత పలక మీద వేయిద్దాం. ఒకటి పొంగుతుంది, ఒకటి పొంగదు. ఎందుకో వాళ్ళే అడుగుతారు. అప్పుడు బలపం చేతికిచ్చి మొదటి మాటగా "కడప" అని రాయిద్దాం. మూడే అక్షరాలు, గుణింతం కూడా అక్కర్లేదు.