ప్రమాణం: కొలత, ఆధారం, ఒట్టు

ప్రమాణం అన్న మాటకు తెలుగులో రోజూ మూడు రకాల పని ఉంది. బడిపిల్లల సైన్సు పుస్తకంలో పొడవుకు ప్రమాణం మీటరు, కాలానికి సెకను. వాదంలో ఎదుటివాణ్ణి "నీ మాటకు ప్రమాణమేమిటి?" అని నిలదీస్తే అక్కడ దానికి ఆధారమని అర్థం. గుడి మెట్ల మీద నిలబెట్టి "ప్రమాణం చెయ్యి" అంటే ఒట్టు వెయ్యమని. నిఘంటువు ఈ మూడింటికీ మూడు అంకెలు వేసి విడివిడిగా చూపిస్తుంది. సైన్సు నేర్చుకునే పిల్లలకు మాత్రం వీటిని కలిపి చెప్పాలని నా పట్టుదల. శాస్త్ర పరిశీలన అంటే ఏమిటో ఆ మూడర్థాలూ కలిస్తేనే తెలుస్తుంది.

సంస్కృతంలో 'మా' ధాతువుకు కొలవడమని అర్థం. మానం, పరిమాణం, పరిమితి, ఉపమానం, అనుమానం అన్నీ దాని నుంచి వచ్చినవే. వైద్యుడిచ్చే మాత్ర కొలిచిన మోతాదు, ఛందస్సులో మాత్ర కొలిచిన కాలం. "ఇంత మాత్రమే" అన్నామంటే ఒక హద్దు గీసినట్టు. మన పాత ధాన్యపు కొలతల్లోని మానిక కూడా ఈ కుదురులోదే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. గంజాం జిల్లాలో తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. ఒడియాలో 'మాణ' అంటే ధాన్యం కొలిచే పాత్ర. మార్గశిర లక్ష్మీవారాల్లో ఒడియా ఇల్లాళ్లు మాణ నిండా కొత్త ధాన్యం పోసి, దాన్నే లక్ష్మీదేవిగా నిలిపి పూజిస్తారు. ఆ నోమును మాణబసా అంటారు. తెలుగులో 'కొలుచు' అన్న క్రియకు కొలత వేయడమనీ, భక్తితో సేవించడమనీ రెండర్థాలున్నాయి. మాణబసా నాడు ఆ రెండూ ఒకే పాత్రలో కనిపిస్తాయి.

ఆధారమన్న అర్థం తెలియాలంటే అదే గంజాం జిల్లాలో పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకు వెళ్లాలి. జౌ అంటే లక్క, గడ అంటే కోట. అక్కడ ఒక బండ నిటారు ముఖం మీద అశోకుడి శాసనాలు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. 1850లో వాల్టర్ ఇలియట్ వాటికి నకలు తీశాడు. ఆ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ అంతకుముందే, 1837లో ఛేదించాడు. సాంచి స్తూపం దగ్గర దొరికిన చిన్న చిన్న శాసనాల్లో చాలావాటి చివర ఒకే అక్షరాలు రావడం ఆయన గమనించాడు. ఇన్ని చిన్న రాతలు ఒకేచోట ఉన్నాయంటే భక్తులిచ్చిన కానుకల వివరాలై ఉండాలని, ఆ చివరి మాట 'దానం' కావాలని ఊహించాడు. ఆ ఊహతో దొరికిన అక్షరాలను మిగతా శాసనాల్లో పెట్టి చదివి చూశాడు. అక్కడా అర్థం కుదిరింది.

న్యాయదర్శనం చెప్పే నాలుగు ప్రమాణాల్లో ఇలా ఊహించి తెలుసుకోవడానికి పేరు అనుమానం. ప్రత్యక్షం తర్వాత దానిదే చోటు. పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. తెలుగులో ఆ మాటకు సందేహమన్న అర్థం స్థిరపడింది. పరిశోధకుడికి రెండర్థాలూ కావాలి. ఊహించడం ఒక అనుమానం, తన ఊహనే శంకించి పరీక్షకు పెట్టడం మరో అనుమానం. ప్రిన్సెప్ ఉద్యోగం కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించడం. తులం 180 గ్రెయిన్లని 1833లో స్థిరపరచిన తూనికల సంస్కరణలో ఆయన చెయ్యి ఉంది. తూచి చూడటం అలవాటైన మనిషి అక్షరాలను కూడా తూచి చూశాడు.

జౌగడ బండ మీది మొదటి శాసనంలో ఒక లెక్క ఉంది. రాజుగారి వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు మూడింటినే చంపుతున్నారని, అవి రెండు నెమళ్లు, ఒక జింక అని, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదని అందులో ఉంది. "ప్రతిరోజూ కాదు" అన్న ఆ చివరి మాట నాకు ఎంతో విలువైనది. కొలిచినవాడు తన లెక్కలో ఎక్కడ తేడా రావచ్చో తానే చెప్పడం అది. మన పాఠ్యపుస్తకాల్లో దోషం అన్న అధ్యాయం చెప్పేదీ ఇదే.

అదే బండ మీద 11, 12, 13 శాసనాలు లేవు. వాటికి బదులు కళింగ అధికారులకు ప్రత్యేకంగా రాయించిన రెండు శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది హతమయ్యారని, లక్షా యాభై వేలమందిని తరలించారని చెప్పేది ఆ పదమూడో శాసనమే. యుద్ధం జరిగిన నేల మీద ఆ అంకెలు చెక్కలేదు. అవి కావాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వంటి చోట్లకు వెళ్లాలి. జౌగడ ఒక్కటే చదివి అశోకుణ్ణి అంచనా వేసినవాడు మోసపోతాడు. ఒక్క ఆధారంతో తృప్తిపడవద్దు, ఏమి రాశారో చూసినంత శ్రద్ధగా ఏమి రాయలేదో కూడా చూడు అన్న పాఠం విద్యార్థికి ఇంతకన్నా బాగా చెప్పే చోటు నాకు తెలియదు.

ఇక మిగిలింది ఒట్టు. తులం బంగారమంటే ఒక దుకాణంలో 11.66 గ్రాములు, మరో దుకాణంలో 10 గ్రాములు అయితే ఆ మాటకు విలువ లేదు. అందుకే లోకమంతా ఒక్క మాట మీద నిలబడాల్సి వచ్చింది. 1799లో ఫ్రాన్సు ప్లాటినం కడ్డీతో మీటరును నిర్ణయించింది. 1983 నుంచి కాంతి శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. కిలోగ్రాముకు ఆధారంగా పారిస్ దగ్గర భద్రపరచిన లోహపు దిమ్మె 2019 మే 20తో ఆ పదవి నుంచి దిగింది, ఆ స్థానంలో ప్లాంక్ స్థిరాంకం వచ్చింది. ఎవరు, ఏ దేశంలో కొలిచినా అదే ఫలితం రావాలన్నది దేశాలన్నీ కలిసి వేసిన ఒట్టు.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. పిల్లవాడు జవాబుగా 5 అని రాసి ఊరుకుంటే అర మార్కు కోసేసి వదిలేయకండి. దేనితో కొలిచావు, ఎన్నిసార్లు కొలిచావు, ఎంత తేడా వచ్చింది, ఇంకొకరు కొలిస్తే ఇదే వస్తుందా అని అడగండి. ఆ నాలుగు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు చెప్పగలిగిన పిల్లకు ప్రమాణం అన్న మాట పూర్తిగా వచ్చినట్టే.